మన్రోల వెంట: గ్లాస్గో నుంచి ఫైరిష్ కొండకు, అక్కడి నుంచి గుత్తికి

రాయలసీమలో పుట్టి పెరిగిన వారికి మన్రో అనే పేరు కొత్తది కాదు. మంత్రాలయం కథ చెప్పేటప్పుడో, గుత్తి కోట కింది సమాధుల దగ్గరో, శిస్తు రికార్డుల మాట వచ్చినప్పుడో ఆ పేరు ఎవరో ఒకరి నోట వినబడుతూనే ఉంటుంది. అయితే అది ఒక్క దొర పేరు కాదు. స్కాట్లండ్ ఉత్తరాన, క్రోమార్టీ అనే సముద్రపు పాయ ఒడ్డున, శతాబ్దాల పాటు ఒకే నేలను పట్టుకుని బతికిన వంశం పేరు. ఆ ఇంటిపేరు గలవారిలో సైన్యాధిపతులు, శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యులు, కథకులు, ఒక అమెరికా అధ్యక్షుడు ఉన్నారు. వీరందరికంటే ఎక్కువగా నేడు ఆ పేరును మోస్తున్నవి 282 పర్వతాలు. ఈ పేరు వెంట జూన్ నెలలో మేము చేసిన ప్రయాణంలో ఏ చోటు చూడదగినదిగా తోచింది, ఎక్కడ బస బాగుంది, ఎక్కడ డబ్బు వృథా అయింది అన్నవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఏర్పాట్ల సంగతి. స్కాట్లండ్‌కు వేరే వీసా లేదు. బ్రిటన్ సందర్శక వీసాయే సరిపోతుంది. హైదరాబాదు నుంచి గల్ఫ్ నగరాల మీదుగా గాని, లండన్ మీదుగా గాని ఎడిన్‌బరా లేదా గ్లాస్గో చేరవచ్చు. ఆ రెండు నగరాల్లో కారు ఉండటం సౌకర్యం కాదు, భారం. రైళ్లు, బస్సులు, కాలినడక చాలు. ఇన్వర్‌నెస్ దాటిన తరువాత మాత్రం కారు లేకపోతే రోజులో సగం బస్సు కోసం నిలబడటానికే పోతుంది. మన డ్రైవింగ్ లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే సందర్శకులు దానితోనే ఏడాది వరకు అక్కడ బండి నడపవచ్చు, పైగా మనలాగే ఎడమ పక్కన నడపడం కాబట్టి పెద్దగా తడబాటు ఉండదు. మేము కారు అద్దెకు తీసుకున్న సంస్థ పూచీ మొత్తంగా కార్డు మీద పెద్ద సొమ్మునే నిలిపివేసి, దాన్ని వదలడానికి చాలా జాప్యం చేసింది. అందువల్ల ఆ ఖర్చుకు విడిగా ఒక కార్డు ఉంచుకోవడం మంచిదని నా సలహా.

గ్లాస్గోతో మొదలుపెట్టడానికి కారణం థామస్ మన్రో. ఆయన 1761 మే 27న ఆ నగరంలో, వర్జీనియా పొగాకు వ్యాపారం చేసే అలెగ్జాండర్ మన్రో ఇంట పుట్టాడు. నగరం నడిబొడ్డున ఇప్పుడు మర్చంట్ సిటీ అని పిలిచే పేటలో వర్జీనియా స్ట్రీట్, గ్లాస్‌ఫర్డ్ స్ట్రీట్, ఇంగ్రామ్ స్ట్రీట్ వంటి వీధులన్నీ ఆ పొగాకు వర్తకుల కాలానివే. అట్లాంటిక్ అవతల బానిసలు పండించిన పొగాకు ఈ రేవుకు చేరి, ఇక్కడి నుంచి ఐరోపాకు పోయేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వర్తకం కూలిపోయింది, అలెగ్జాండర్ దివాలా తీశాడు, కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. దత్త మండలాల రైతు శిస్తు చరిత్రకు మొదటి కారణాలలో ఒకటి వర్జీనియా పొగాకు దివాలా అని ఆ వీధుల్లో నడుస్తూ అనుకోకుండా ఉండలేము.

ఇంతకు మించి గ్లాస్గోలో ఆయన జాడ వెతికేవారికి దక్కేది తక్కువ. ఆయన చదివిన విశ్వవిద్యాలయం అప్పట్లో హై స్ట్రీట్‌లో ఉండేది. 1870లో అది గిల్‌మోర్‌హిల్‌కు తరలిపోయింది. పాత కళాశాలలోని సింహం, యూనికార్న్ శిల్పాలున్న రాతి మెట్ల వరుసను మాత్రం కొత్త ఆవరణకు తెచ్చి నిలబెట్టారు. కుర్రవాడిగా మన్రో ఎక్కి దిగిన మెట్లు అవే కావచ్చునన్న ఊహ ఒక్కటే అక్కడ మిగిలేది. పక్కనే ఉన్న హంటేరియన్ మ్యూజియంకు ప్రవేశ రుసుము లేదు. భోజనానికి ఇబ్బంది లేదు; దోసె దొరికే హోటళ్లు కూడా ఉన్నాయి. ఈ పేరు కోసమే వచ్చేవారికి గ్లాస్గోలో ఒక పూట చాలు.

గ్లాస్గో నుంచి ఎడిన్‌బరాకు వెళ్లే రైలు మార్గంలో ఫాల్కర్క్ వస్తుంది. 1746 జనవరి 17న జాకొబైట్లకు (గద్దె కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి నిలబెట్టాలని పోరాడినవారికి), ప్రభుత్వ సైన్యానికి జరిగిన యుద్ధంలో ఫౌలిస్ మన్రోల నాయకుడు సర్ రాబర్ట్ మన్రో, ఆయనకు చికిత్స చేయబోయిన వైద్యుడైన తమ్ముడు డంకన్, ఇద్దరూ అక్కడే చనిపోయారు. ఊరి చర్చి ఆవరణలో వారి సమాధి ఉంది. మన్రోలు జాకొబైట్ల పక్షాన కాక ప్రభుత్వ పక్షాన నిలిచిన వంశమన్న సంగతిని ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఇన్వర్‌నెస్ చేరాక ప్రతి టూర్ గైడూ జాకొబైట్లు చివరిగా ఓడిన కల్లోడెన్ యుద్ధభూమిని చూపించి హైలాండ్ వంశాలన్నీ ఒకే పక్షాన పోరాడినట్టు మాట్లాడతాడు. కల్లోడెన్‌లో వంశాల పేర్లు చెక్కిన రాళ్లు జాకొబైట్లవి. వాటిలో మన్రో పేరు వెతకడం వృథా.

ఎడిన్‌బరాలో ఈ ఇంటిపేరుకు మరో ముఖం కనిపిస్తుంది. తాత, తండ్రి, మనుమడు ముగ్గురికీ అలెగ్జాండర్ మన్రో అనే పేరే కావడం వల్ల చరిత్రకారులు వారిని ప్రైమస్, సెకండస్, టెర్షియస్ అని విడదీసి చెబుతారు. 1720 నుంచి 1846 వరకు, అంటే 126 ఏళ్ల పాటు, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్య పీఠం ఆ ఒక్క కుటుంబం చేతిలోనే ఉంది. మెదడు గదులను కలిపే రంధ్రాన్ని మన వైద్య విద్యార్థులు నేటికీ ఫొరామెన్ ఆఫ్ మన్రో అని కంఠస్థం చేస్తున్నది సెకండస్ పేరు మీదనే. తాత స్థాపించిన కీర్తిని తండ్రి పెంచగా, మనుమడి పాఠాలు ఎంత నీరసంగా ఉండేవంటే, అప్పుడు అక్కడ వైద్యం చదువుతున్న చార్లెస్ డార్విన్‌కు ఆ సబ్జెక్టు మీదే విముఖత కలిగింది. వంశపారంపర్యంగా వచ్చే ఆచార్య పదవుల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. శవాల కోసం హత్యలు చేసి 1829 జనవరిలో ఉరితీయబడిన విలియం బర్క్ శరీరాన్ని బహిరంగంగా కోసి పాఠం చెప్పినవాడు కూడా ఈ టెర్షియసే. బర్క్ అస్థిపంజరం విశ్వవిద్యాలయం వారి అనాటమీ మ్యూజియంలో ఉంది. అది ప్రజలకు నెలలో ఏ కొద్ది రోజులో మాత్రమే తెరుస్తారు కనుక తేదీ చూసుకుని వెళ్లాలి. నికల్సన్ స్ట్రీట్‌లోని సర్జన్స్ హాల్ మ్యూజియంకు టిక్కెట్టు ఉన్నప్పటికీ, వైద్య చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఆ డబ్బు దండగ కాదు. సీసాల్లోని అవయవాలను చూడలేని వారు, చిన్నపిల్లలతో వచ్చినవారు దాన్ని వదిలేయడమే మంచిది.

ఇంటిపేరు మీద నిజమైన పరిశోధన చేయదలచినవారికి ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన ఉన్న జనరల్ రిజిస్టర్ హౌస్‌లో స్కాట్లండ్స్ పీపుల్ కేంద్రం ఉంది. రోజుకు ఇంత అని రుసుము కట్టి కుర్చీ తీసుకుంటే, పాత చర్చి రిజిస్టర్లు, 1855 నుంచి తప్పనిసరి అయిన జనన మరణ వివాహ నమోదులు, జనాభా లెక్కలు తెర మీద చూసుకోవచ్చు. మా పక్క కుర్చీలో కెనడా నుంచి వచ్చిన ఒక వృద్ధుడు తన ముత్తాతల పేర్లు వెతుకుతున్నాడు. ఆయనకు ఓపికగా సహాయం చేసిన సిబ్బంది తీరు చూసి ముచ్చటేసింది. అదే రాయల్ మైల్ వీధిలోని దుకాణాల్లో మాత్రం ఏ ఇంటిపేరు చెప్పినా దానికో గళ్ల గుడ్డ, ఓ తాళపుచెవి గొలుసు, ఓ వంశ చరిత్ర కాగితం సిద్ధంగా ఉంటాయి. ఎర్రని మన్రో గళ్ల శాలువా చూడటానికి బాగానే ఉంది గాని, ఆ కాగితం మీది చరిత్రకు డబ్బు పెట్టనవసరం లేదు. ఎడిన్‌బరాలో బస ఖర్చు ఎక్కువ, ఆగస్టు ఉత్సవాల నెలలో అయితే చెప్పనక్కరలేదు. మేము దిగిన హోటల్లో గది ఇరుకు, లిఫ్టు లేదు, అల్పాహారానికి విడిగా వసూలు చేశారు. స్టేషనుకు దగ్గర అన్న ఒక్క సుగుణానికే అంత సొమ్ము తీసుకున్నారు.

ఎడిన్‌బరా నుంచి ఇన్వర్‌నెస్‌కు రైలులో సుమారు మూడున్నర గంటలు. పెర్త్, పిట్లాక్రీ, ఏవీమోర్ దాటుతూ డ్రమాక్టర్ కనుమ మీదుగా పోయే ఆ దారి కోసమైనా పగటి రైలు ఎక్కాలి. ముందుగా కొన్న టిక్కెట్టుకు, స్టేషనులో కొన్న టిక్కెట్టుకు ధరలో తేడా బాగా ఉంటుంది. ఇన్వర్‌నెస్‌లో నది ఒడ్డున నడక బాగుంటుంది. మిగిలిన ఊరు యాత్రికుల బస్సుల కోసం తయారైనట్టు ఉంటుంది. మేము అక్కడ ఎక్కువసేపు ఆగక, కారు తీసుకుని ఏ9 రోడ్డు మీద ఉత్తరానికి సాగి ఎవాంటన్ అనే చిన్న ఊరిలో బస చేశాము. ఈ యాత్రలో మేము చేసిన మంచి నిర్ణయాల్లో అది ఒకటి. ఇంటావిడే వండి పెట్టే ఆ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో గదులు తక్కువ, కాని శుభ్రం, నిశ్శబ్దం, వేడి నీళ్లు, కిటికీలోంచి సముద్రపు పాయ, అన్నీ ఉన్నాయి. మేము మాంసం తినమని ముందే రాసినందువల్ల పుట్టగొడుగులు, టమాటాలు, ఓట్ రొట్టెలు, శాకాహారపు హ్యాగిస్ చేసి పెట్టింది. రాత్రి భోజనానికి మాత్రం ఊళ్లో ఎంపిక తక్కువ. పప్పు సూపు, చీజ్ మాకరోనీ తప్ప శాకాహారికి మరొకటి దొరకడం అరుదు. ఆవకాయ సీసా వెంట తీసుకువెళ్లిన వారిని నేను తప్పుపట్టను. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది, తెల్లవారుజామున నాలుగున్నర కాకముందే సూర్యోదయం అవుతుంది. నిద్ర తేలికగా పట్టనివారు కళ్లకు కట్టుకునే గంత తీసుకువెళ్లాలి.

ఎవాంటన్ చుట్టుపక్కల నేలకు ఫెరిండొనాల్డ్, అంటే డొనాల్డ్ భూమి, అని పాత పేరు. ఐర్లండ్‌లోని రో నది తీరం నుంచి వచ్చిన డొనాల్డ్ అనే వీరుడు ఇక్కడ స్థిరపడ్డాడని, అతని సంతతే మన్రోలని వంశ గాథ. ఈ భూమిని అనుభవిస్తున్నందుకు, రాజు అడిగితే నడివేసవిలో కూడా ఒక మంచు ముద్ద సమర్పించాలన్నది షరతు అని మరో కథ. ఊరి వెనుక ఉన్న బెన్ వివిస్ పర్వతపు లోయల్లో వేసవిలోనూ మంచు నిలిచేది కనుక ఆ కౌలు చెల్లించడం కష్టం కాలేదట. గాథలు ఎలా ఉన్నా, ఈ ఇంటిపేరు గలవారందరూ ఒక్క రక్తపు వారని అనుకోకూడదు. నాయకుడి భూమిలో సాగు చేసుకుంటూ, అతని రక్షణలో బతికిన కుటుంబాలు కూడా అతని ఇంటిపేరునే పెట్టుకోవడం హైలాండ్ సమాజాల్లో మామూలే.

వంశ నాయకుల నివాసమైన ఫౌలిస్ కోట ఊరికి దగ్గరలోనే ఉంది. పాత కోట 1750లో కాలిపోగా, తరువాత కట్టినదే ఇప్పుడున్న భవనం. కోట అనే మాట విని బురుజులు ఊహించుకుని వెళ్లేవారికి తెల్లగా, పొందికగా ఉన్న జమీందారీ భవంతి కనిపిస్తుంది. అది నేటికీ కుటుంబం నివసించే ఇల్లు. ముందుగా రాసి అనుమతి పొందితే తప్ప లోపలికి పోవడానికి వీలులేదు, పోవాలని ప్రయత్నించడం మర్యాద కూడా కాదు. ఆ వంశపు చరిత్రను మరింత దగ్గరగా చూపేది, నా దృష్టిలో, పాయ ఒడ్డున రోడ్డు పక్కనే ఉన్న పాత గాదె. రైతులు కౌలు కింద కొలిచిన ధాన్యాన్ని నిల్వ ఉంచి పడవలకు ఎక్కించడానికి 18వ శతాబ్దంలో కట్టిన ఆ పొడవాటి రాతి కట్టడాన్ని మరమ్మతు చేశారు. ఇప్పుడు ఆ ఆవరణలో భోజనశాల, దుకాణం నడుస్తున్నాయి. మందమైన గోడల మధ్య కూర్చుని వేడి స్కోన్, టీ తీసుకుంటూ, ధాన్యం రూపంలో శిస్తు వసూలు చేసే పద్ధతి ఇక్కడా ఉండేదని గమనించడం మనవారికి ఆసక్తికరం. నీటి అంచున ఉన్న పాత కిల్టర్న్ చర్చి శిథిలాల దగ్గర ఫౌలిస్ నాయకుల సమాధులున్నాయి. అక్కడ టిక్కెట్టు లేదు, మరుగుదొడ్డి లేదు, మనుషులు లేరు. రాళ్ల మీది అక్షరాలు నాచు పట్టి చదవడం కష్టం. అమెరికా అయిదవ అధ్యక్షుడు జేమ్స్ మన్రో పూర్వీకులు ఈ పరగణాకు చెందిన కాట్‌వెల్ శాఖ వారని వంశ చరిత్రకారులు చెబుతారు.

ఇక ఫైరిష్. ఈ యాత్ర మొత్తంలో ఒక్క చోటే చూడటానికి వీలుంటే నేను ఎంచుకునేది అదే. ఎవాంటన్‌కు, ఆల్నెస్‌కు మధ్య 453 మీటర్ల ఎత్తున్న కొండ శిఖరం మీద, దూరం నుంచి చూస్తే ఏదో దక్షిణాది నగర ద్వారం మొండిగా నిలబడిపోయినట్టు ఒక రాతి కట్టడం ఉంటుంది. మధ్యలో కమానులు, అటూ ఇటూ విడివిడిగా నిలిచిన స్తంభాలు. అది నాగపట్నం ద్వారానికి నమూనా అని ప్రతీతి. కట్టించినవాడు నోవార్ ఎస్టేటు యజమాని సర్ హెక్టర్ మన్రో. 1764 అక్టోబరు 22న బక్సర్ యుద్ధంలో కంపెనీ సైన్యాన్ని గెలిపించినవాడు అతడే. దానికి ముందు తిరగబడిన సిపాయిలలో 20 మందికి పైగా ఫిరంగులకు కట్టి పేల్చించినవాడూ అతడే. 1778లో ఫ్రెంచివారి నుంచి పుదుచ్చేరిని, 1781 నవంబరులో డచ్చివారి నుంచి నాగపట్నాన్ని పట్టుకున్నాడు. ఈ రెండింటికీ మధ్య 1780లో, పొల్లిలూరు దగ్గర కంపెనీ సేనాని బెయిలీ దళాన్ని మైసూరు హైదర్ అలీ సైన్యం చుట్టుముట్టి నాశనం చేస్తుంటే కొద్ది మైళ్ల దూరంలో ఉండి కూడా చేరుకోలేక, భారీ ఫిరంగులను కంచి కోనేటిలో పడేసి మద్రాసుకు వెనుదిరిగిన అపకీర్తి కూడా అతనిదే. ఆ సైన్యంలోనే పంతొమ్మిదేళ్ల క్యాడెట్ థామస్ మన్రో ఉన్నాడు. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు, ఒకరు సేనాధిపతి, ఒకరు కొత్తగా చేరిన కుర్రవాడు, కంచి నుంచి ఒకే దారిన వెనుదిరిగారన్నమాట.

నాగపట్నం గెలిచిన మరుసటి ఏడాది, 1782లో, ఈ కట్టడం పని మొదలైంది. పని లేక ఆకలితో ఉన్న చుట్టుపక్కల వారికి కూలి కల్పించడమే ఉద్దేశమని చెబుతారు. మోసుకుపోయిన రాళ్లను హెక్టర్ తానే రాత్రిపూట కిందికి దొర్లించి, మళ్లీ మోయించి, అదనపు కూలి ఇప్పించేవాడని ఒక కథ ఊళ్లో ప్రచారంలో ఉంది. ఈ కథను మెచ్చుకోలుగా చెప్పేవారికి నేనొక మాట గుర్తుచేస్తాను: పదేళ్లకే, 1792లో, ఈస్టర్ రాస్ ప్రాంతమంతా జమీందార్లు రైతులను వెళ్లగొట్టి గొర్రెల మందలకు నేల కౌలుకిస్తున్నారని జనం లేచి, ఆ మందలను తోలివేయడానికి బయలుదేరారు, సైనికులను దింపి దాన్ని అణచివేశారు. ఆ ఏడాదికి గొర్రెల సంవత్సరమనే పేరు మిగిలింది. అదే ఏడాది డిసెంబరులో హెక్టర్ కొడుకును గంగాసాగర్ ద్వీపంలో పులి చంపింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న టిపూ పులి బొమ్మకు, అంటే తెల్లవాడి మీద కూర్చుని గర్జించే ఆ చెక్క యంత్రానికి, ఈ సంఘటనే ప్రేరణ అని చాలామంది భావిస్తారు.

కొండ ఎక్కడం కష్టం కాదు. బోత్ అనే పల్లెకు పోయే దారి పక్కన కార్లు నిలిపే చిన్న చోటు ఉంది. వారాంతంలో అది ఉదయమే నిండిపోతుంది. అక్కడి నుంచి రానూపోనూ సుమారు ఆరున్నర కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటలు. మొదట పైన్ చెట్ల మధ్య నిటారుగా ఎక్కుతుంది, తరువాత హెదర్ పొదల బీడు మీద తేలికవుతుంది. వాన పడితే దారి బురద కనుక పట్టున్న బూట్లు కావాలి. గాలి లేని సాయంత్రాల్లో మిడ్జ్ అనే కంటికి ఆనని దోమలు మొహాన్ని వదలవు. వల టోపీ కొనడానికి సిగ్గుపడకండి. పైన రాళ్లను దగ్గరగా చూస్తే పనితనం మోటుగా ఉంటుంది, శిల్పం ఏమీ లేదు. ఆ కమానుల గుండా కిందికి చూసినప్పుడు క్రోమార్టీ పాయ పొడవునా నిలిపి ఉంచిన చమురు రిగ్గులు, ఇన్వర్‌గోర్డన్ రేవులో విహార నౌకలు, పొలాలు, అవతల బ్లాక్ ఐల్ ద్వీపకల్పం కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే బెన్ వివిస్. ప్రవేశ రుసుము లేదు, కాపలా లేదు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం, బాధ్యతగా నడుచుకునేవారు ప్రైవేటు కొండల మీద కూడా స్వేచ్ఛగా తిరగవచ్చు. విహార నౌకల్లో ఇన్వర్‌గోర్డన్‌కు వచ్చే మనవారిని సాధారణంగా బస్సుల్లో లాక్ నెస్ సరస్సుకు తీసుకుపోతారు. ఆ సరస్సు దగ్గర రద్దీలో గడిపే పూటను నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకుని ఫైరిష్‌కు కేటాయిస్తే ఎంతో మేలు.

బెన్ వివిస్ కథ వేరే మన్రోది. స్కాట్లండ్‌లో 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు, దాటిన పర్వతాలన్నిటికీ మొదటిసారి జాబితా తయారుచేసి 1891లో స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ పత్రికలో ప్రచురించినవాడు సర్ హ్యూ మన్రో. అప్పటి నుంచి అటువంటి పర్వతాన్ని మన్రో అనడం అలవాటైంది. కొలతలు సవరించాక నేటి లెక్క 282. వాటన్నిటినీ ఎక్కడం జీవిత లక్ష్యంగా పెట్టుకున్నవారు వేలలో ఉన్నారు. మేము దిగిన ఇంటి హాలులో గోడ మీది పటానికి రంగు గుండుసూదులు గుచ్చి ఉండటం చూసి అడిగితే, ఇంటావిడ తన లెక్క ఎంతో, తన అక్కగారి లెక్క ఎంతో కూడా చెప్పింది. జాబితా రాసిన హ్యూ మన్రో మాత్రం 1919లో, ఒకటి రెండు శిఖరాలు ఎక్కకుండానే కన్నుమూశాడు.

ఈ హ్యూ ఎవరో కాదు, మన థామస్ మన్రోకు మనుమడు. 1825లో థామస్‌కు ఇచ్చిన లిండర్టిస్ బారొనెట్ బిరుదు ఇద్దరు కొడుకుల మీదుగా నాలుగవ వారసుడైన హ్యూకు చేరింది. తాత దత్త మండలాల పొలాలను ఊరూరా కొలిపించి పట్టిక రాయించాడు, మనుమడు పర్వతాలను కొలిచి పట్టిక రాశాడు. ఈ మాట ఇంటావిడకు చెప్పినప్పుడు ఆమె ఆశ్చర్యపోయింది. పర్వతాల మన్రో తెలియనివారు అక్కడ లేరు గాని, మద్రాసు గవర్నరు గురించి విన్నవారు మాకు ఒక్కరూ తారసపడలేదు.

బెన్ వివిస్ ఎత్తు 1046 మీటర్లు. ఏ835 రోడ్డు మీద గార్బాట్ దగ్గర కార్లు నిలిపే చోటు నుంచి రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు, ఐదారు గంటలు. వాగు పక్కనుంచి సాగే దారి బాగుంది. ఆఖరున నిటారు గుట్ట ఎక్కిన తరువాత శిఖరం వరకు నాచు పరచిన విశాలమైన మెత్తని గట్టు వస్తుంది. మోకాళ్లు సహకరించనివారు ఫైరిష్‌తో తృప్తి పడటం మంచిది. మేము వెళ్లిన రోజు పైన మేఘం కమ్మి పది గజాల అవతల ఏమీ కనబడలేదు. పటం, దిక్సూచి వాడటం తెలిసినవారు వెంట లేకుండా అటువంటి వాతావరణంలో పోరాదు. హ్యూ మన్రో కుటుంబపు లిండర్టిస్ భవనం కిరీమ్యూర్ సమీపంలో ఉండేది. దాన్ని గత శతాబ్దం మధ్యలోనే పడగొట్టారు కనుక అటు పోవడానికి పెట్రోలు ఖర్చు పెట్టనవసరం లేదు.

స్కాట్లండ్‌లో థామస్ మన్రోకు దొరకని స్థానం రాయలసీమలో ఎందుకు దొరికిందో తెలుసుకోవాలంటే మన దగ్గరికే రావాలి. 1800లో నిజాం వదిలివేసిన ఈ జిల్లాలకు ఆయన 1807 వరకు ప్రధాన కలెక్టరు. పాలెగాళ్లను అణచివేశాడు, రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు, శిస్తు భారం ఎక్కువైందని వెళ్లిపోయే ముందు తానే గుర్తించి నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవారు ఒప్పుకోలేదు, 1820లో తాను గవర్నరుగా వచ్చాక గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేరిట ప్రభుత్వం తోపు నాటించి, మెట్ల బావి తవ్వించింది. మంత్రాలయంలో మఠం భూముల విచారణకు వచ్చినప్పుడు బృందావనం నుంచి రాఘవేంద్ర స్వామి ఆయనతో మాట్లాడారని, కడప జిల్లా గండి దగ్గర పాపాఘ్ని కనుమకు అడ్డంగా బంగారు తోరణం ఆయనకు కనిపించిందని, మరణం దగ్గర పడిన పుణ్యాత్ములకే అది కనిపిస్తుందని జనం చెప్పుకుంటారు. శిస్తు వసూలు చేసిన దొరను ఇంత ఉదారంగా తలచుకోవడం చరిత్ర దృష్టితో చూస్తే కొంత అతిశయమే. కాని ఫైరిష్ మీద హెక్టర్ తానే కట్టించుకున్న ద్వారానికి, ఇక్కడ జనం అడగకుండానే కట్టిన కథలకు ఉన్న తేడా నాకు ముఖ్యమనిపించింది.

గుత్తి రైల్వే జంక్షను కనుక చేరడం సులభం, కాని మంచి బస కావాలంటే సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని అనంతపురంలో ఉండి రావాలి. కోట ఎక్కడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువు; వేసవిలో ఉదయం ఎనిమిది దాటితే రాళ్లు కాలుతాయి. కొండ కింద సమాధుల ఆవరణలో ముళ్లపొదలు ఉంటాయి, దారి చూపే బోర్డులు చాలవు. ఊళ్లో ఒకరిని అడిగి వెంట తీసుకువెళ్లడమే మేలు. అక్కడి నుంచి ఉత్తరంగా పత్తికొండ, ఆపైన మంత్రాలయం కారులో ఒకే రోజు చూడవచ్చు. మంత్రాలయంలో మఠం వారి గదులు తక్కువ ఖర్చులో, శుభ్రంగా ఉంటాయి. గురువారం, ఆరాధన రోజుల్లో మాత్రం ముందుగా కేటాయింపు లేకుండా వెళ్లకూడదు. చెన్నై వెళ్లేవారు ఐలండ్ మైదానం దగ్గర శిల్పి చాంట్రీ రూపొందించిన మన్రో గుర్రపు విగ్రహాన్ని ఉదయం ఏడు లోపల చూడాలి. జీను, రికాబులు లేకుండా గుర్రమెక్కిన ఆ విగ్రహం రోడ్ల నడుమ ఉంది. ఆ వేళ దాటితే వాహనాల మధ్య నిలబడి చూసే వీలుండదు.